రోజుకో ప్రశ్న: మన పాత్రలు ఎలాంటి మనుషులో తెలుసుకుందాం

చిరుదివ్వె (చర్చ మొదలుపెట్టినవారు):

మిత్రులందరికీ నమస్కారం.

ఇక్కడ చాలామందిమి నవలో, పెద్ద కథో రాస్తూ సగంలో ఉన్నాం. సంఘటనల వరుస కుదిరింది, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలుసు, చివరికి ఏం జరగాలో కూడా తెలుసు. కానీ పాత్ర ఒక గదిలోకి అడుగుపెట్టాక ఏ కుర్చీలో కూర్చుంటుందో తెలియదు. కలం సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. అందుకని రోజుకో ప్రశ్న పెట్టుకుందామని నా ఆలోచన. ఇప్పుడు రాస్తున్న కథలోంచి ఒక పాత్రను ఎంచుకోండి. జవాబు ఆ పాత్ర గొంతుతో చెప్పినా సరే, చిన్న సన్నివేశంగా రాసినా సరే. పది పదిహేను వాక్యాలు చాలు. కథంతా వివరించాల్సిన పని లేదు. ఒకరు రాసినదాని గురించి మరొకరు నిక్కచ్చిగా మాట్లాడండి. ఆ మాట రాత గురించే ఉండాలి, రాసినవారి గురించి కాదు.

మొదటి ప్రశ్న: మీ పాత్ర ఒక వస్తువును ఏళ్ల తరబడి దాచుకుంది. ఎందుకు దాచావని ఎవరో అడిగారు. ఏం చెబుతుంది?

వానకోయిల:

నా పాత్ర సుభద్ర. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సు, యాభై దాటిన మనిషి. ఆమె బీరువాలో బట్టల అడుగున ఒక చేతిగడియారం తాలూకు గ్యారంటీ కార్డు ఉంది. గడియారం లేదు, అది ఎవరికో ఇచ్చేసింది. కార్డు మీద దుకాణం ముద్ర, తారీఖు, గడియారం నంబరు అన్నీ ఉన్నాయి. ‘కొన్నవారి పేరు’ అన్నచోట మాత్రం ఖాళీ. ఆ గీత మీద కలం ఆనించి ఎత్తేసినట్టు ఒక సిరా చుక్క కనిపిస్తుంది. ఎందుకు దాచావంటే, “గ్యారంటీ కార్డు ఎవరైనా పారేస్తారా?” అంటుంది. దాని గడువు ఎప్పుడు తీరిందో ఆమెకు బాగా తెలుసు.

తూనిక:

వానకోయిల గారూ, ఆ సిరా చుక్క నాకు చాలా నచ్చింది. పేరు రాయబోయి ఆగిన చెయ్యి అందులో ఉంది. అయితే ఒక మాట. ఇది సుభద్ర గతాన్ని చెబుతోంది. స్వభావాన్ని చెప్పడానికి ఇంకో అడుగు పడాలి. రేపు ఆ కార్డు పోయిందనుకోండి. ఆమె ఇల్లంతా వెతుకుతుందా, వెతకలేదని తనకు తాను చెప్పుకుంటూ వెతుకుతుందా?

ఇలాంటి ప్రశ్నల గురించి నాకొక అభిప్రాయం ఉంది. పాత్రల కోసం దొరికే ప్రశ్నాపత్రాల్లో ఎక్కువ భాగం ఇష్టమైన రంగు, ఇష్టమైన పువ్వు, ఎక్కువగా భయపడేది ఏమిటి అన్న తరహావి. వాటికి ఫ్రెంచ్ నవలా రచయిత మార్సెల్ ప్రూస్ట్ పేరు తగిలించారు గానీ ఆ ప్రశ్నలు ఆయన తయారుచేసినవి కావు. 1886 ప్రాంతంలో, ఇంకా కుర్రవాడిగా ఉన్నప్పుడు, స్నేహితురాలు ఆంత్వానెత్ ఫోర్ దగ్గరున్న ఆల్బమ్‌లో అలాంటి ప్రశ్నలకు జవాబులు రాశాడు. కొన్నేళ్ల తర్వాత మరోసారి రాశాడు. అప్పట్లో ఇళ్లలో నలుగురూ చేరినప్పుడు ఆడుకునే ఆట అది. జవాబును మిగతావాళ్లు చదువుతారని రాసేవారికి ముందే తెలుసు. కాబట్టి అందులో పడేది మనిషి స్వరూపం కాదు, నలుగురికీ ఎలా కనబడాలని అనుకుంటున్నాడో ఆ రూపం. పాత్ర చేత అలాంటి ప్రశ్నాపత్రం నింపించడం వల్ల లాభం ఉంది, కానీ అది పాత్ర వేసుకున్న వేషమని గుర్తుపెట్టుకోవాలి. ఆ వేషం ఏ సన్నివేశంలో జారిపోతుందన్నదే మన కథ.

రంగస్థలి:

తూనిక గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను రాయడం కన్నా నటించడం ఎక్కువ చేసినవాణ్ని. నటుడికి “ఈమె అభిమానవంతురాలు” అని చెబితే ఏమీ చెయ్యలేడు. “కుర్చీ చూపించినా కూర్చోదు” అంటే చెయ్యగలడు. రష్యన్ నాటక దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ తన నటశిక్షణలో ‘ఒకవేళ’ అన్న మాటకు పెద్ద పీట వేసింది ఇందుకే. ఒకవేళ నేనే ఈ పరిస్థితిలో ఉంటే ఏం చేస్తాను? ఏ వేళ, ఎవరి ఇల్లు, ఇంతకుముందు ఎక్కడినుంచి వచ్చాను, ఇప్పుడు నాకేం కావాలి? ఈ వివరాలు తేలితే స్వభావం చేతల్లోకి దానంతటదే దిగుతుంది. నా కోరిక ఒక్కటే: ఇక్కడ పెట్టే ప్రతి ప్రశ్నలోనూ ఒక క్రియ ఉండాలి.

చిరుదివ్వె:

సరే రంగస్థలి గారూ, రేపటి ప్రశ్నలో క్రియే పెడతాను.

ప్రశ్న: మీ పాత్రను ఒకరు వేరే పేరుతో పిలిచారు. సరిదిద్దుతుందా? ఎప్పుడు, ఎలా?

నల్లసిరా:

నాది అపరాధ పరిశోధన నవల. అందులో ఒక లెక్కల గుమస్తా ఉన్నాడు. సంస్థ సొమ్ము కాజేస్తున్నది అతనే, పాఠకుడికి ఇంకా తెలియదు. కొత్తగా వచ్చిన మేనేజరు అతన్ని మొదటిరోజే వేరే పేరుతో పిలుస్తాడు. గుమస్తా సరిదిద్దడు, ఆ పేరుకే పలుకుతాడు. నెల తిరక్కుండానే మేనేజరు ఒక ఉత్తర్వు మీద ఆ తప్పు పేరే రాసి సంతకం పెడతాడు. ఆ కాగితాన్ని గుమస్తా విడిగా తీసి దాస్తాడు. ఎందుకు పనికొస్తుందో అప్పటికి అతనికీ తెలియదు. కానీ పారేయడు.

కొత్తకలం:

నేను ఇక్కడ కొత్త. నా పాత్ర మీనాక్షి, కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆమె వెంటనే సరిదిద్దుతుంది, “నా పేరు మీనాక్షి అండీ” అని. తర్వాత ఎదుటివారు నొచ్చుకున్నారేమోనని బెంగపడి, మాటల మధ్యలో వాళ్ల పేరును పనిగట్టుకుని ఆప్యాయంగా పలుకుతుంది.

రంగస్థలి:

కొత్తకలం గారూ, ఇది చాలా బాగుంది. తన హక్కును వదులుకోదు, వదులుకోనందుకు ఏదో బాకీ పడ్డట్టు తీర్చుకుంటుంది. ఒకే మనిషిలో ఆ రెండూ ఉన్నాయి.

వానకోయిల:

సుభద్ర వార్డులో జ్వరం తలకెక్కిన ఒక ముసలాయన ఆమెను తన కూతురి పేరుతో పిలుస్తాడు. ఆమె “ఊఁ” అని పలికి, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది.

తూనిక:

ఇది ఏ కథలో ఏ నర్సు అయినా చేసే పని. సుభద్ర మాత్రమే చేసేది ఏమిటి? గ్యారంటీ కార్డు మీద తనకు నమ్మకం లేని పేరు రాయలేక చుక్క దగ్గర ఆగిపోయిన మనిషి కదా. పరాయి పేరుకు అంత తేలిగ్గా పలుకుతుందా?

వానకోయిల:

నిజమే, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. మళ్లీ రాశాను.

ముసలాయన పిలిచాడు. “నేను సుభద్రను, నర్సును” అందామె, మెల్లగానే. ఆయన మళ్లీ కూతురి పేరే పిలిచాడు. మళ్లీ అదే చెప్పింది. జ్వరం చూసి, చార్టులో ‘మనుషులను గుర్తుపట్టడం లేదు’ అని రాసి, వేళ కూడా వేసింది. తర్వాత మిగతా మంచాలు చూసి వచ్చి, ఎవరూ పిలవకపోయినా, ఆయన పక్కనున్న బల్ల మీద తెల్లవారేదాకా కూర్చుంది.

తూనిక:

ఇప్పుడు సుభద్ర వచ్చింది. అబద్ధం ఆడలేదు, వదిలి పోనూ లేదు. ఈ మనిషి మరో సన్నివేశంలో ఏం చేస్తుందో కొంత ఊహించగలను. పూర్తిగా ఊహించలేను. మీ నవల చదవాలనిపించేది అందుకే.

కొత్తకలం:

ఒక సందేహం. ప్రశ్నకు జవాబు రాయడం మొదలుపెట్టగానే నా పాత్రలన్నీ ఒకేలా మాట్లాడుతున్నాయి. మీనాక్షి, ఆమె తల్లి, తమ్ముడు, ముగ్గురూ ఒకే తెలివితేటలతో, ఒకే పొడవు వాక్యాలతో జవాబు చెబుతారు. దీన్ని ఎలా దాటాలి?

మాస్టారు:

అమ్మా, దీనికి నా దగ్గరున్న ఉపాయం మాటలు తీసేయడమే. జవాబు చెప్పే అవకాశం ఇస్తే పాత్ర నోట్లోకి రచయిత దూరతాడు. చెప్పే వీలు లేకుండా చేస్తే పాత్రే ఏదో ఒకటి చెయ్యాలి.

ఫ్రెంచ్ కథకుడు మొపాసా 1888లో తన నవల ఒకదానికి రాసుకున్న ముందుమాటలో గురువు, నవలా రచయిత ఫ్లోబేర్ తనకు పెట్టిన అభ్యాసం గురించి చెప్పాడు. గుమ్మం ముందు కూర్చున్న ఒక కిరాణా వర్తకుణ్ని, పైపు కాలుస్తున్న ఒక కాపలాదారుణ్ని చూపించు, వాళ్లను లోకంలో మరే వర్తకుడితోనూ, మరే కాపలాదారుడితోనూ పొరబడకూడదు అన్నాడట. బండి గుర్రం ఒకటి తన ముందూ వెనకా పోయే యాభై గుర్రాలకన్నా ఎలా వేరో ఒక్క మాటతో తెలియాలి అన్నాడట. గుర్రానికి సంభాషణ ఉండదు, చూడండి.

మీకు నేనిచ్చే ప్రశ్న: ముగ్గురూ ఒకే గదిలో ఎదురుచూస్తున్నారు. పిలుపు ఆలస్యమైంది. ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడరు. రాయండి.

కొత్తకలం:

మాస్టారూ, ప్రయత్నించాను.

మీనాక్షి కుర్చీ అంచున కూర్చుంది. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ సంచి భుజానికి తగిలించుకుని, మూసుకోగానే మళ్లీ ఒళ్లోకి దించుకుంది. ఆమె తల్లి గోడకు అంటించిన సూచనలన్నీ పైనుంచి కింది దాకా చదివింది. ఒక కాగితం మూల ఊడి ఉంటే బొటనవేలితో అదిమి, అంటుకునేదాకా చెయ్యి తియ్యలేదు. తమ్ముడు తమకన్నా ముందున్నవాళ్లను లెక్కపెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. తమ వంతుకు సరిగ్గా ముందు తిరిగి వచ్చాడు.

రంగస్థలి:

అద్భుతం. ఆ తమ్ముడి మీద నాకిప్పుడే కోపం వచ్చింది.

మాస్టారు:

ఇక వీళ్ల చేత మాట్లాడించండి, భయం లేదు. ఆ తల్లి ఎంత ఓపికగా, ఎదుటివాళ్లు పూర్తిగా ఒప్పుకునేదాకా మాట్లాడుతుందో నాకు వినిపిస్తోంది. తమ్ముడు అవసరమైన మాట మాత్రమే, అవసరమైనప్పుడు మాత్రమే అంటాడు.

మధ్యగీత:

నేను చదువుకున్నది మనస్తత్వశాస్త్రం కాబట్టి ఒక మాట కలుపుతాను. వ్యక్తిత్వాన్ని కొలవడానికి పరిశోధకులు ఎక్కువగా వాడేది అయిదు లక్షణాల నమూనా. కొత్త విషయాలకు మనసు తెరిచి ఉంచడం, పనిలో పద్ధతి, నలుగురిలో కలవడం, ఎదుటివారితో సర్దుకుపోవడం, కలత పడే తత్వం. ఇవి అయిదు గదులు కావు, అయిదు కొలబద్దలు. ప్రతి మనిషీ ప్రతిదాని మీదా ఎక్కడో ఒకచోట ఉంటాడు. పాత్రను ఎంచుకుని ఈ అయిదింటి మీద ఎక్కడ ఉంటుందో గుర్తు పెట్టుకుంటే, రోజువారీ ప్రశ్నలు దేన్ని తడమాలో తెలుస్తుంది. సర్దుకుపోయే గుణం ఎక్కువ, పనిలో పద్ధతి తక్కువ ఉన్న పాత్ర అందరికీ సరేనంటుంది, ఏదీ పూర్తిచెయ్యదు. ఆ ఒక్క కలయికలోంచే బోలెడన్ని సన్నివేశాలు వస్తాయి.

నల్లసిరా:

పదహారు రకాల మనుషులని చెప్పే పరీక్ష ఒకటి ఉంది కదా, నాలుగు అక్షరాలతో. దానితో పాత్రలు తయారుచేసుకునేవాళ్లను చూశాను. అది పనికొస్తుందా?

మధ్యగీత:

కార్ల్ యుంగ్ 1921లో ప్రచురించిన ఆలోచనల ఆధారంగా కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ తయారుచేసిన పరీక్ష అది. మనిషిని అయితే ఇటు, లేకపోతే అటు అని రెండు గదుల్లో ఏదో ఒకదాంట్లో వేస్తుంది. నిజానికి ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. అదే మనిషి కొన్నాళ్లకు మళ్లీ పరీక్ష రాస్తే వేరే రకంగా తేలడం మామూలే. పరిశోధకుల ప్రధాన అభ్యంతరం కూడా అదే. రచయితకు అంతకన్నా పెద్ద ఇబ్బంది ఉంది: ఆ నాలుగు అక్షరాలు తెలిశాక పాత్ర వాటికి విధేయంగా నడుచుకోవడం మొదలుపెడుతుంది.

మాస్టారు:

మధ్యగీత గారు చెప్పినది స్థిరంగా ఉండే గుణాల సంగతి. రోజుకో ప్రశ్న వేసుకునేవాళ్లకు కదిలే భావాలు ఇంకా ఎక్కువ అక్కరకొస్తాయని నా నమ్మకం. వాటి పట్టిక మనకు ఎప్పటినుంచో ఉంది. నాట్యశాస్త్రంలో భరతుడు నలభై తొమ్మిది భావాలు లెక్కపెట్టాడు. మనసులో నిలిచి ఉండే స్థాయీభావాలు 8, చెమట, వణుకు లాంటి ఒంటి మీద తేలే సాత్వికభావాలు 8, వచ్చిపోయే వ్యభిచారిభావాలు 33. ఈ ముప్పై మూడింటిని చూడండి: నిర్వేదం, గ్లాని, శంక, అసూయ, దైన్యం, చింత, స్మృతి, ధృతి, వ్రీడ, చపలత, గర్వం, ఔత్సుక్యం, అమర్షం, అవహిత్థం, వితర్కం, ఇలా సాగుతుంది వరస. నెల రోజులకు సరిపడా ప్రశ్నలు సిద్ధంగా ఉన్నట్టే. మరణం, అపస్మారం (మూర్ఛ) లాంటివి పక్కన పెట్టినా లోటు ఉండదు.

నాకు ముచ్చట గొలిపేది జాబితా ఒక్కటే కాదు. ప్రతి భావానికీ అది ఎందువల్ల పుడుతుందో, పైకి ఎలా కనిపిస్తుందో రెండూ చెప్పాడు. వ్రీడ అంటే సిగ్గు. సిగ్గుపడ్డ మనిషి ఏం చేస్తుంది? మొహం దాచుకుంటుంది, నేల మీద గీతలు గీస్తుంది, బట్టనూ ఉంగరాన్నీ తడుముకుంటుంది, గోళ్లు కొరుకుతుంది. రంగస్థలి గారు అడిగిన క్రియలు ఇవే కదా. అమర్షం మామూలు కోపం కాదు. చదువులోనో అధికారంలోనో బలంలోనో తనకన్నా పైనున్నవాడు అవమానిస్తే పుట్టేది. దాన్ని ప్రశ్నగా మార్చండి: పైవాడు నలుగురిలో చిన్నబుచ్చాడు, ఎదురు చెప్పే వీలు లేదు. ఆ సాయంత్రం దాకా మీ పాత్ర ఏం చేస్తుంది? ధృతిని, అంటే నిబ్బరాన్ని, ప్రశ్నగా మార్చండి: కోరుకున్నది చేజారిపోయింది, అయినా మీ పాత్ర బాధపడలేదు. పక్కనున్నవాళ్లు నమ్మడం లేదు.

అన్నింటిలోకీ కథకులకు పెన్నిధి అవహిత్థం. లోపలి భావాన్ని బయటపడనీయకుండా కప్పుకోవడం. సిగ్గు వల్ల, భయం వల్ల, ఓటమి వల్ల, పెద్దరికం వల్ల, కపటం వల్ల కూడా పుడుతుందట. పైకి కనిపించే గుర్తులు ఏమిటి? మాట మార్చడం, చూపు మరల్చడం, మాట మధ్యలో తెగడం, లేని ధైర్యం తెచ్చిపెట్టుకోవడం. మనం చదివిన మంచి కథల్లో సగం సన్నివేశాలు ఇదే. ఒక మనిషి ఏం దాస్తుందో తెలిస్తే కొంత తెలిసినట్టు. ఎలా దాస్తుందో తెలిస్తే మనిషే తెలిసినట్టు. ఒకరు నవ్వి దాస్తారు, ఒకరు పని కల్పించుకుని దాస్తారు, ఒకరు ఎదుటివాళ్లను ప్రశ్నలతో ముంచి దాస్తారు. ఇది మనిషికీ మనిషికీ మారుతుంది, జీవితాంతం పెద్దగా మారదు.

చిరుదివ్వె:

మాస్టారూ, ఇంతకన్నా మంచి ప్రణాళిక నాకు తట్టదు. రేపటినుంచి ఇదే వరస. అవహిత్థంతో మొదలుపెడదాం.

ప్రశ్న: మీ పాత్రకు ఒక కబురు అందింది. అది తనను కదిలించిందని ఎదుటివారికి తెలియకూడదు.

వానకోయిల:

రాత్రి డ్యూటీ మారే వేళ ఆ అమ్మాయి తనే వచ్చి చెప్పింది. “అక్కా, హెడ్ నర్సు పోస్టు నాకిచ్చారు.” సుభద్ర మందుల ట్రే వైపు చూసింది. “నాలుగో మంచం ఆయనకు సెలైన్ అయిపోవస్తోంది, చూశావా?” అంది. చూశానంది అమ్మాయి. “మంచిది” అంది సుభద్ర. ఆ మంచిది దేనికో అమ్మాయికి అర్థం కాలేదు. సుభద్ర రిజిస్టరు తెరిచి, అప్పగింతల పట్టికలో ముందు తన పేరు రాసి, దాని కింద ఆ అమ్మాయి పేరు రాసింది. రోజూ ఇంటిపేరును ఒక్క అక్షరంతో సరిపెట్టేది. ఇవాళ మొత్తం రాసింది, గుడి, దీర్ఘం ఏదీ వదలకుండా. ఆమె గుండెల్లో ఏదో పగిలిపోయింది.

తూనిక:

చివరి వాక్యం కొట్టేయండి. దాచుకోవడం మొదలుపెట్టిన మనిషిని మీరే పట్టిచ్చేశారు. ఇంటిపేరు మొత్తం రాయడం దగ్గర ఆగితే, అది అసూయా, గౌరవమా, తనను తాను శిక్షించుకోవడమా అని పాఠకుడు ఆలోచిస్తూ ఉంటాడు. మూడూ కావచ్చు.

రంగస్థలి:

“నాలుగో మంచం” అన్న వాక్యాన్ని నేనైతే వేదిక మీద అయిదు రకాలుగా చెప్పగలను. మంచి సంభాషణకు నాకు తెలిసిన పరీక్ష ఇదొక్కటే.

మధ్యగీత:

నేను రాస్తున్నది భార్యాభర్తల కథ. భర్తకు పరీక్షల రిపోర్టు వచ్చింది, జబ్బు లేదని. భార్యకు ముందే భయం పెట్టి ఉన్నాడు కాబట్టి సంతోషం చూపించడానికి సిగ్గు. “కాగితాలు ఎక్కడ పెట్టమంటావు?” అని అడుగుతాడు. ఆవిడ చెప్పినచోట పెట్టి, మళ్లీ తీసి, మడత సరిచేసి పెడతాడు. దుఃఖాన్ని దాచడమే రాస్తాం అందరం. సంతోషాన్ని దాచుకునే మనిషి నాకు ఈ ప్రశ్న వల్లే దొరికాడు.

నల్లసిరా:

నా అభ్యంతరం కూడా చెప్పనివ్వండి. ఈ జవాబులు రాయడంలో ఎంత ఆనందం ఉందంటే, నవల పక్కకు పోతుంది. జవాబుకు మొదలు, చివర ఉండవు, ముడి వెయ్యక్కర్లేదు, విప్పక్కర్లేదు. పాత్ర స్వభావం గురించి కట్టలు కట్టలు రాసుకుని మొదటి అధ్యాయం దాటనివాళ్లు నాకు తెలుసు. పైగా మా తరహా నవలలో అందరికీ ఇంత లోతు పనికిరాదు. కాపలాదారు ఎప్పుడొచ్చినా ఒకేలా ఉండాలి, పాఠకుడు అతన్ని చటుక్కున గుర్తుపట్టాలి. అతనికి బాల్యం ఇచ్చానంటే కథ కుంటుతుంది.

తూనిక:

కాపలాదారు విషయంలో మీదే సరైన మాట. ఇంగ్లీషు నవలా రచయిత ఇ.ఎం. ఫార్స్టర్ 1927లో పాత్రలను చదునైనవి, గుండ్రటివి అని విడదీసినప్పుడు చదునైనవాటిని తక్కువ చెయ్యలేదు. వచ్చినప్పుడల్లా తేలిగ్గా గుర్తుపట్టవచ్చు, తర్వాత తేలిగ్గా గుర్తుంటాయి అని వాటి ప్రయోజనం చెప్పాడు. గుండ్రటి పాత్రకు ఆయన పెట్టిన పరీక్ష, నమ్మదగిన రీతిలో మనల్ని ఆశ్చర్యపరచగలదా అన్నది. ఆశ్చర్యపరచకపోతే చదును, ఆశ్చర్యపరిచినా నమ్మించలేకపోతే గుండ్రంగా నటిస్తున్న చదును. రోజువారీ ప్రశ్నలు ఆ ‘నమ్మదగిన’ అన్న మాట కోసమే. మీ గుమస్తా తప్పు పేరున్న కాగితాన్ని దాచడం ఆశ్చర్యమే, అయినా వెంటనే నమ్మాను.

నల్లసిరా:

గుమస్తా సంగతి ఒప్పుకుంటాను. ఆ కాగితం ఇప్పుడు నా నవలలో కీలకమైన ఆధారం కాబోతోంది. కానీ నా పద్ధతి ఇకపై ఇలా ఉంటుంది: రేపు రాయాల్సిన సన్నివేశంలో ఎవరుంటారో వాళ్లనే ప్రశ్న అడుగుతాను, గడియారం పెట్టుకుని పావుగంటలో ముగిస్తాను.

చిరుదివ్వె:

పావుగంట గడువు నాకూ సమ్మతమే. సన్నివేశానికి పనికొచ్చేదే అడగాలన్న దగ్గర మాత్రం మీతో కలవలేను. అవసరం కోసం అడిగితే పాత్ర అవసరమైన జవాబే ఇస్తుంది. ఏ పనీ లేని రోజు, ఏ సంఘటనా జరగని రోజు ఆ మనిషి ఎలా ఉంటుందో చూడాలి. నేను రాసుకున్న జవాబుల్లో ఎక్కువ భాగం కథలోకి రావు. అవి లేకపోతే కథలోకి వచ్చిన కొద్దిపాటి వాక్యాలు కూడా అలా వచ్చేవి కావు.

నల్లసిరా:

మీరు కథను పాత్ర వెంట నడిపిస్తారు. నేను పాత్రను కథ వెంట నడిపిస్తాను. ఇది తేలేది కాదు, తేలనక్కర్లేదు కూడా.

కొత్తకలం:

నాకో చిక్కు వచ్చింది, పెద్దలు దారి చెప్పాలి. స్మృతి వంతు వచ్చిన రోజు మీనాక్షి తల్లి గురించి రాశాను. మూడో అధ్యాయంలో ఆవిడ కూతురితో “సంగీతం మానేసినందుకు నాకెప్పుడూ బాధ లేదు” అంటుంది. నిన్నటి జవాబులో మాత్రం, ఒంటరిగా ఉన్నప్పుడు, మానేసిన రోజు ఏ కీర్తనలో ఏ సంగతి దగ్గర పాఠం ఆగిందో ఆవిడకు గుర్తొచ్చింది. తర్వాతి సంగతి ఎలా ఉంటుందో తనే కల్పించుకుని కూనిరాగం తీసింది. రెండింట్లో ఏది నిజం? ఏది మార్చాలి?

రంగస్థలి:

ఏదీ మార్చకండి. మూడో అధ్యాయంలో వింటున్నది ఎవరు? కూతురు. నిన్న వింటున్నది ఎవరు? ఎవరూ లేరు. మనిషి ఎవరి ముందు ఏం మాట్లాడుతుందన్నదే స్వభావం.

తూనిక:

నేను ఒక చిన్న మార్పు సూచిస్తాను. “ఎప్పుడూ” అన్న పదం తీసేసి చూడండి. “బాధ లేదు” అని ఊరుకుంటే ఆవిడ ఎంత జాగ్రత్తగా మాట్లాడే మనిషో తెలుస్తుంది. గోడ మీద ఊడిన కాగితాన్ని అంటుకునేదాకా అదిమిన చెయ్యి ఆవిడదే కదా. అబద్ధాన్ని కూడా అతికేదాకా అదుముతుంది, కానీ అవసరమైనంత బలంతోనే.

మాస్టారు:

కూనిరాగాన్ని ఇప్పుడే నవలలో వాడకమ్మా. కూతురు ఎప్పుడో ఒకసారి పక్కగదిలోంచి వినాలి. ఎప్పుడు వినాలో నవల చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

కొత్తకలం:

పక్కగది! ఆ ఇంటికి పక్కగది ఉందని కూడా ఇంతవరకు రాయలేదు. ధన్యవాదాలు మాస్టారూ. ‘ఎప్పుడూ’ తీసేశాను తూనిక గారూ, వాక్యం వెంటనే ఆవిడదైపోయింది.

అడ్డగీత:

చాలా రోజులుగా చదువుతున్నాను, ఇప్పుడే రాస్తున్నాను. నా నవల మొదలయ్యేసరికే తండ్రి చనిపోయి ఉంటాడు. కథంతా ఆయన చుట్టూనే, ఆయన మాత్రం ఒక్క పేజీలోనూ ఉండడు. అలాంటి పాత్రకు ఈ ప్రశ్నలు ఎలా వెయ్యాలి? ఆయన గొంతుతో జవాబు రాస్తే వేదికెక్కి ప్రసంగించినట్టు ఉంటోంది.

మాస్టారు:

ఆయన్ని అడగకండి. ఆయన గురించి బతికున్నవాళ్లను అడగండి. ఒకే ప్రశ్న, విడివిడిగా, ఒకరి జవాబు ఒకరికి తెలియకుండా. “ఆయనకు కోపం వస్తే ఏం చేసేవారు?” అని భార్యను అడగండి, పెద్దకొడుకును అడగండి, పనిచేసినచోట పక్క బల్ల మనిషిని అడగండి. ముగ్గురూ ఒకేలా చెప్పినది పెద్దగా పనికిరాదు, వదిలెయ్యండి. భార్య “కోపమే రాదు” అని, కొడుకు “తలుపు వేసుకునేవారు” అని, పక్క బల్ల మనిషి “నవ్వేవారు” అని చెప్పారనుకోండి. అప్పుడు ఆ ముగ్గురితో ఆయన ఎలా ఉండేవాడో మూడు సన్నివేశాలు దొరికినట్టే. ఇంకో మాట. చనిపోయినవాళ్ల గురించి జనం పొగుడుతూ మొదలుపెడతారు. ఆ మొదటి వాక్యాలు రాయనివ్వండి, తర్వాత కొట్టేయండి.

అడ్డగీత:

ఇది నాకు పనికొస్తుంది. ఇంట్లో నలుగురున్నారు. ముందు చిన్నకూతుర్ని అడుగుతాను. ఇంతవరకు రాసినదాంట్లో ఆమె ఆయన గురించి ఒక్క మాట కూడా అనలేదు. అది నేను కావాలని చేసింది కాదు.

చిరుదివ్వె:

రాశాక ఇక్కడ పెట్టండి అడ్డగీత గారూ. రేపు వితర్కం, అంటే అవునా కాదా అని మనసులో తర్కించుకోవడం. ప్రశ్న వానకోయిల గారు ఇస్తారు.